ఎండని మహేంద్రగిరి

కొండలు పర్మనెంటు, వాటి గురించి పాఠం చెప్పే నేను టెంపరరీ. విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీకి పునాదిరాయి పడి, ఫ్యాక్టరీ మాత్రం ఇంకా పైకి లేవని రోజులవి. వన్‌టౌన్‌లో ఒక మిషన్ బడిలో సోషల్ మాస్టార్ని. నవంబరులో తనిఖీ అధికారి వస్తాడనీ, ఆయన నాలుగు మంచి మాటలు రాస్తే నా పోస్టు ఖాయమనీ, రాయకపోతే వేసవి సెలవులతో పాటు నాకూ సెలవేననీ హెడ్‌మాస్టారు చెప్పారు. ఆ రోజు నుంచి నేను కూర్చున్న కుర్చీకి కూడా కుదురు లేకుండా పోయింది.

ఊళ్లో బడులకి అప్పట్లో ఒక అలవాటు. ఎవరో ఎప్పుడో చేసిన తూర్పు కనుమల నమూనా ఒకటుండేది. తనిఖీ ఏ బడిలో ఉంటే ఆ బడికి రిక్షా ఎక్కి వెళ్లేది. మా డ్రిల్లు మాస్టారు నా కంగారు చూసి జాలిపడ్డాడు.

"బావా, నీకెందుకీ తిప్పలు? రేపు నాను రిచ్చా పంపుతాను, కొండలన్నీ ఒచ్చి మన వరండాలో దిగిపోతాయి."

"దాని ఎత్తులన్నీ తప్పు బావా. నేనే కొత్తది చేస్తాను."

"అలాగా? నువ్వేటి ఎత్తులేత్తావో సూత్తాను."

పంతమనండి, తెలివితక్కువతనమనండి, మొదలుపెట్టేశాను. పిల్లల పాత పరీక్ష కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి మా ఆవిడ రోట్లో రుబ్బింది. నేను వాళ్ల బుర్రల్లోకి ఎక్కించిందంతా గంటలో గుజ్జయింది. నాలుగడుగుల చెక్క మీద గోదావరి నుంచి మహేంద్రగిరి దాకా గీతలు గీసి, లెక్క కట్టాను. అసలు కొలతకి చేస్తే అన్నిటికంటే పెద్ద కొండ పెసరగింజ కంటే కాస్త ఎక్కువ. అందుకని ఎత్తుల్ని మాత్రం పదింతలు చేశాను. మన్యంలోని అర్మకొండ 1680 మీటర్లు. ఒడిశా వైపు దేవమాలి 1672. ఈ ఇద్దరికీ తేడా నా చెక్క మీద కాగితం మందం. మహేంద్రగిరి 1501. అర్మకొండకంటే చిటికెన వేలి గోరంత తక్కువ. రోజూ కళ్లెదుట సముద్రాన్ని అడ్డగించే డాల్ఫిన్ నోస్ కొండకి చిన్న ఉండ చాలింది. అది చూసి మా ఆవిడ నొచ్చుకుంది.

"మన కొండ ఇంతేటండీ? ఇంకొంచెం గుజ్జెయ్యండి, ఎవుడడుగుతాడు?"

వెయ్యలేదు. అంతలో ముసురు పట్టింది. జాలరిపేట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి గోడలే ఆరవు, గుజ్జేం ఆరుతుంది? రోజుకి పదిసార్లు వెళ్లి కొండల్ని నొక్కి చూసేవాణ్ణి. మెంతుల పులిసిన వాసన వీధి దాకా పాకింది. చేపల గంప దించిన ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఏటమ్మా ఈ కంపు! మా సేపలే నయం."

చివరికి మా ఆవిడ బొగ్గుల కుంపటి తెచ్చి చెక్కకి ఒక పక్క పెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. కుంపటి పక్కనున్న అర్మకొండ చక్కగా ఎండి కుంచించుకుపోయింది. కిటికీ పక్కనున్న మహేంద్రగిరి తడిగా, నిండుగా అలాగే ఉండిపోయింది. తనిఖీ నాటి ఉదయం చూస్తే మహేంద్రగిరే పొడుగు. సరిచేసే వ్యవధి లేదు. రంగులు పూసి రిక్షా ఎక్కించాను. చెక్క సీటు మీద, నేను కింద.

అధికారి, హెడ్‌మాస్టారు, నేను నమూనా చుట్టూ నిలబడ్డాం. అంతకుమించిన శిఖరాగ్ర సమావేశంలో నేను మళ్లీ పాల్గొనలేదు.

"వీటిలో అన్నిటికంటే ఎత్తయినది?" అన్నాడు అధికారి.

ఆయన కాలంలో చాలామంది బళ్లో చదువుకున్న జవాబు మహేంద్రగిరి. నా చెక్క కూడా అదే చెబుతోంది. ఆ ఒక్క మాట అనేస్తే గండం గడిచేది. నోరు మాత్రం నా మాట వినలేదు.

"అర్మకొండ సార్. 1680 మీటర్లు."

"మహేంద్రగిరి కాదూ? మీ బొమ్మలోనే కనబడుతోంటే!" అంటూ ఆయన ఆ శిఖరం మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాడు. వేలు రెండో కణుపు దాకా దిగిపోయింది. మహేంద్రగిరి చుట్టూ చప్పబడి, అర్మకొండకంటే పొట్టిదైపోయింది.

గుమ్మంలోంచి చూస్తున్న డ్రిల్లు మాస్టారు తలుపు వెనక్కి తప్పుకున్నాడు. హెడ్‌మాస్టారు కళ్లు మూసుకున్నారు, ప్రార్థనో ఏమో. అధికారి వేలు పైకి తీసి, వాసన చూసుకున్నాడు.

"మెంతులా? ఇది ఎవరు చేశారు?"

"నేనే సార్. మా ఇంట్లో వాళ్లు రుబ్బారు."

"ఈ నెలలో మూడు బడుల్లో ఒకటే నమూనా చూశాను. ఒకే చోట ఒకే పెచ్చు ఊడి ఉంది." రుమాలుతో వేలు తుడుచుకుంటూ ఆయన మొదటిసారి నవ్వాడు. "తడి ఆరని కొండని ఇక్కడే చూస్తున్నాను. అర్మకొండ అన్నారు కదా? మ్యాపు చూపించండి."

చూపించాను. చాలాసేపు చూసి, నా పేరు రాసుకుని, నన్ను ఖాయం చేయొచ్చని రిజిస్టర్లో ఒక వాక్యం రాశాడు. హెడ్‌మాస్టారు అది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. అయినా ఇంకా కుదురు చిక్కక, బస్సులో కూర్చోలేక ఇంటిదాకా నడిచే వెళ్లాను.

మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటండీ, ఉందా, పోయిందా?"

"ఉంది."

"ఏటుంది? కొండా, ఉద్యోగవా?"

"ఉద్యోగం. కొండకి చిల్లు పడింది."

"పడితే పడింది లెండి," అంటూ ఆమె కుంపట్లో నీళ్లు చల్లింది.