కాంక్రీటు కొండకు సాక

ఖతార్‌లో అగ్నిపర్వతం లేదు. బడికి పోయే పిల్లాడిని అడిగినా చెబుతాడు. అయినా ఆ లేని అగ్నిపర్వతం కింద నేల ఎంత కాగింది, దాని మీద గాలి ఎటు వీస్తోంది అని చూడటానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆయన పేరు లింబాద్రి, ఊరు ఆర్మూరు దగ్గర. నేను ఓబులయ్యను, కడప వైపు వాడిని. మేముండే మెసైమీర్ నుంచి మదీనత్ అల్ షమాల్ అవతల ఉన్న ఆ పార్కుకు పనివాళ్ళ వ్యాను తోలతాను. లింబాద్రన్న రోజూ నా పక్క సీట్లోనే కూర్చునేవాడు కాబట్టి ఆయన సంగతి చెప్పడానికి నాకు హక్కుంది.

ముందు కొండ గురించి చెప్పాలి. పార్కు యజమానులు పిల్లల ముచ్చట కోసం కాంక్రీటుతో కొండ కట్టించి, దానికి నల్లరాయి అతికించి, నడినెత్తిన గ్యాస్ మంట పెట్టించారు. సాయంత్రం మీట నొక్కితే మంట ఎగసిపడుతుంది, పిల్లలు కేకలు వేస్తారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ కొండ నమూనా అమ్మిన కంపెనీ నిజమైన అగ్నిపర్వతాలున్న దేశానిది. వాళ్ళ దగ్గర కొండ కొంటే నేల వేడి చూసే సూది, గాలి మర, తేమ చూసే డబ్బా, సైరను, లావుపాటి రూల్సు పుస్తకం కూడా కొని తీరాలట. కొండను కనిపెట్టి ఉండటానికి మనిషి ఒకడు తప్పనిసరి అని ఆ పుస్తకంలో రాసి ఉంది.

ఆ మనిషిగా లింబాద్రన్న కుదిరాడు. ఆయన ఇరవై ఏళ్ళు వెస్ట్ బే టవర్లకు పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పైపులు బిగించి బిగించి మోకాళ్ళు పోగొట్టుకున్నవాడు. మెట్లెక్కితే మోకాళ్ళలోంచి వచ్చే చప్పుడు పక్కవాడికి వినిపించేది. వాళ్ళ జిల్లా వాడే అయిన ఫోర్‌మన్ గజేందర్ జాలిపడి ఈ డ్యూటీలో పెట్టించాడు. కొండ మొదట్లో చిన్న క్యాబిన్, అందులో ఏసీ, చక్రాల కుర్చీ. పొద్దున సూది పాతిన చోట నేలను ఫోటో తీసి, దాన్ని, అంకెలను కొండ అమ్మిన కంపెనీ విదేశీ ఆఫీసుకు పంపడమే పని.

"ఓబులూ, గీ కుర్సీ పోతె నేను మల్ల పైపులెక్కాలె. ఎక్కితె దిగ. నా మోకాళ్ళు నాకెర్క," అనేవాడు వ్యానులో. ఆయనకు దేవుడిచ్చిన వరమంతా ఆ కుర్చీయే. దాన్ని ఇంకొకరు తోస్తే ఊరుకునేవాడు కాదు.

భార్య భూమవ్వ మాత్రం ఊళ్ళో అందరికీ, మా ఆయన దుబాయ్‌ల నిప్పుల కొండకు పెద్ద అని చెప్పుకునేది. ఇది ఖతార్ అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె మార్చుకోలేదు. కొండ నకిలీది అని కూడా ఆయన చెప్పాడు. దాన్నీ ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

ఎండాకాలం వచ్చేసరికి అసలు కష్టం మొదలైంది. నేల వేడి అరవై డిగ్రీలు దాటితే సైరన్ మోగాలి, మోగితే అందరూ బయట మైదానంలోకి పోయి నిలబడాలి. ఇది రూలు. చల్లటి దేశంలో కూర్చుని రాసిన రూలు. ఖతార్‌లో జూలై నెల మధ్యాహ్నం నేల మీద అరవై దాటకపోతేనే వింత. సైరన్ రోజూ మోగడం మొదలుపెట్టింది. ఎండాకాలం మధ్యాహ్నం ఎండలో పని చేయకూడదని ఇక్కడ ఇంకో రూలుంది. ఒకటి బయటికి పొమ్మంటుంది, ఒకటి లోపలుండమంటుంది. సైరన్ గొంతు పెద్దది కాబట్టి దాని మాటే నెగ్గింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయే వేళకు ఏసీ గదుల్లోంచి అందరం లేచి, తిన్నగా పొయ్యిలోకి నడిచేవాళ్ళం. టికెట్ల దగ్గర కూర్చునే రాయచోటి పిల్ల నస్రీన్ ఒకరోజు నా కళ్ళ ముందే సొమ్మసిల్లి పడిపోయింది.

లేచాక ఆమె లింబాద్రన్న వైపు చూసి, "ఏం చిన్నాయనా, కొండ పేలి చచ్చేదానికన్నా ముందే మమ్మల్ని చంపుతావా?" అంది. ఆయన మొహం మాడిపోయింది.

మేనేజరు ముఖీత్ హైదరాబాదు మనిషి, మంచివాడే. కానీ ఆ సాయంత్రం క్యాబినుకు వచ్చి తేల్చి చెప్పాడు. "దేఖో లింబాద్రీ, రోజూ ఈ పరేషాన్ నాతోని కాదు. సైరన్ బంద్ కావాలె. లేదంటే నీ పోస్టు మాఫీ, ఖతం."

సైరన్ తీసేయవచ్చు కదా అని అడిగాను. తీసేస్తే ఇన్సూరెన్సు పోతుందట. మనుషులు ఎండకు పడిపోతే పోదు కాబోలు.

ఆ రోజు వ్యానులో లింబాద్రన్న ఫోన్ స్పీకరులో పెట్టి భూమవ్వతో మొర పెట్టుకున్నాడు. ఆమె అంతా విని, "తల్లి కాక మీదున్నది. పసుపు నీళ్ళల్ల యాపాకు, ఇంత బెల్లం ఏసి తల్లికి సాక పొయ్యి, సల్లవడ్తది," అంది.

"అది తల్లి గాదే, కాంక్రీటు."

"కాంక్రీటైతేంది? కాగుతలేదా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. మెసైమీర్‌లో మేం వ్యాను ఎక్కే చోట రోడ్డు పక్కన వేపచెట్లున్నాయి. మర్నాడు ఆయన ఒక రెమ్మ తుంచుకుని ఎక్కాడు. సంచిలో పసుపు పొట్లం, బెల్లం అచ్చు ఉన్నాయి. సూది పాతింది క్యాబిన్ గడప పక్కనే. ఎండ ముదిరే వేళకు తలుపు సగం తెరిచి, చెంబుతో సాక పోసి, దండం పెట్టి, తలుపు మూశాడు. కాస్సేపటికి మళ్ళీ పోశాడు. ఆ రోజు సైరన్ మోగలేదు. మేం కూర్చుని, చల్లగా, కడుపునిండా తిన్నాం. నస్రీన్ తన డబ్బాలోంచి ఆయనకు చేపముక్క పెట్టింది. వరసగా కొన్ని రోజులు పార్కులో లింబాద్రన్నంత పెద్దమనిషి లేడు.

అటుపక్క విదేశీ ఆఫీసులో ఏం జరుగుతోందో మాకప్పుడు తెలియదు. వాళ్ళ పుస్తకం ప్రకారం కాగుతున్న నేల ఉన్నట్టుండి చల్లబడటం, ఆవిరి లేవడం, నేల మీద పసుప్పచ్చని పూత కనిపించడం మూడూ ఒకేసారి వస్తే గంధకం పైకి తేలినట్టు, కొండ నిద్ర లేచినట్టు. మూడూ వచ్చాయి. ఫోటోలు కూడా వెళ్ళాయి, లింబాద్రన్న తన చేత్తోనే శుభ్రంగా తీసి పంపాడు. అది కాంక్రీటు కొండని అమ్మినవాళ్ళకు తెలియదా అంటే తెలుసు. కానీ అంకెలు చూసే గదికీ కొండలు అమ్మే గదికీ మాటల్లేవు కాబోలు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమన్నట్టు, వెంటనే పార్కు మూసేయమని ఉత్తర్వు వచ్చింది.

ముఖీత్ అందరినీ ఆఫీసులోకి పిలిచి చదివి వినిపించాడు. కొండ చల్లారేదాకా పార్కు బంద్, జీతం లేదు, ఎవరి దేశానికి వాళ్ళు పోవచ్చు. నస్రీన్ ఏడ్చేసింది. నేనైతే కాంక్రీటు కొండ ఎప్పుడు చల్లారుతుందో లెక్క వేస్తూ నిలబడ్డాను.

లింబాద్రన్న నా వెనకే ఉన్నాడు. నేను తిరిగి చూసి మెల్లగా, "అన్నా, నోరు మూసుకోన్నా. చెప్తే నీ కుర్చీ పోతాది," అన్నాను. స్వార్థం లేక కాదు, ఆ క్షణంలో నా ఉద్యోగం కంటే ఆయన మోకాళ్ళు గుర్తొచ్చాయి.

ఆయన నన్ను పక్కకు జరిపి ముందుకు పోయాడు. "సార్, గది గంధకం గాదు. పసుపు. నేనే పోసిన."

ముఖీత్ కుర్చీలో వెనక్కి వాలి, "పసుపా? వంటల ఏసే పసుపా?" అన్నాడు.

"ఔ సార్. బెల్లం గూడ ఏసిన."

ముఖీత్ నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు, తర్వాత ఉన్నది ఉన్నట్టు రాసి పంపాడు. జవాబు తొందరగానే వచ్చింది. కొండ వల్ల ప్రమాదం లేదు, పార్కు తెరుచుకోవచ్చు. నేల కాగడానికి కారణం ఎండ. కాబట్టి కొండ మొత్తానికి పైన నీడ కట్టాలి. నీడ పడ్డాక కనిపెట్టి చూడటానికి మనిషి అక్కర్లేదు. పైగా యంత్రం మీద నీళ్ళు పోసిన మనిషి అసలే అక్కర్లేదు. ఎండ కారణమని కనిపెట్టడానికి వాళ్ళకు ఇంత తతంగం కావాల్సి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నీడ కట్టే పని గజేందర్ ఫోర్‌మన్‌గా ఉన్న స్కాఫోల్డింగ్ కంపెనీకే వచ్చింది. స్కాఫోల్డింగ్ తెలిసిన మనుషులు తక్కువ. లింబాద్రన్నను ఇంటికి పంపకుండా ఉంచాలంటే గజేందర్‌కు దొరికిన దారి ఆయన్ను మళ్ళీ పైపులెక్కించడమొక్కటే. వద్దని నేను చెప్పలేదు, చెప్పే మొహం నాకు లేదు. ఆ మనిషి ఎక్కింది మా అందరి జీతాల కోసం.

రోజూ తెల్లారగానే ఎక్కేవాడు. ఒక్కో పైపు మీద ఆగి, మోకాలు రుద్దుకుని, మళ్ళీ ఎక్కేవాడు. నేను వ్యాను పక్కన నిలబడి చూసేవాడిని. ఆయన దిగేసరికి నా చేతిలో టీ చల్లారిపోయేది. ఆఖరికి గుడ్డ పరిచారు, కొండ మీద నీడ పడింది. ఇప్పుడు పార్కు మొత్తంలో మధ్యాహ్నం చల్లగా ఉండేది అగ్నిపర్వతమే. నస్రీన్ వాళ్ళందరూ అక్కడే కూర్చుని తింటారు.

పని ముగిసిన సాయంత్రం ఆయన్ను గజేందర్, నేను చెరో చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కించాం. దారిలో భూమవ్వ ఫోన్ చేస్తే ఆయన స్పీకరులో పెట్టాడు.

"కొండ సల్లవడ్డదా?"

"సల్లవడ్డదే. మీద నీడ కట్టిండ్రు."

"మంచిగైంది. మా తల్లి సల్లగుండ. గంత ఎండల గంత ఎత్తుకెక్కి ఎవలు కట్టిండ్రో పాపం."

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "ఎవలో పనోళ్ళే," అన్నాడు.

"ఆళ్ళకు ఇంత మంచినీళ్ళన్న ఇచ్చినవా?"

"ఇచ్చిన," అన్నాడు లింబాద్రన్న. నాకు కళ్ళు చెమర్చి రోడ్డు సరిగ్గా కనిపించలేదు, వ్యాను పక్కకు ఆపాను.