చూరులో దాచిన సన్న చుట్ట

నా పెన్నులకు పొగాకు వాసన వస్తుంది. యాభై దాటాక, నిజామాబాద్‌లో మా వాడ ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రపు బడిలో అక్షరాలు దిద్దినప్పటి నుంచి పెన్నులను మా అవ్వ వెదురు గొట్టంలోనే పెట్టుకుంటున్నాను. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టినదాన్ని, పొగాకు వాసన నాకు కొత్త కాదు. కానీ బీడీ తంబాకు ముక్కును గిల్లుతుంది, ఈ గొట్టం మూత తీస్తే మాత్రం పాత బెల్లం కుండ తెరిచినట్టు మెత్తటి, తడి ఘాటు ఒకటి వస్తుంది. మొన్న, పెద్దలకు పెట్టుకునే పెత్రమాస దాకా ఇందులో పెన్నులతో పాటు ఒక చుట్ట కూడా ఉండేది.

అవ్వ అంటే మా బాపును, మా నాయనను, కన్నతల్లి. మా ఊరు కోటగిరి దగ్గర, కాలువ కింద. చలికాలం వచ్చిందంటే చెరుకు బండ్లు బోధన్ తొవ్వ పట్టేవి, మేం పిల్లలం వెనుక నుంచి గడలు గుంజుకుని పండ్లతో చీల్చుకుంటూ ఉరికేవాళ్లం, గాలి ఇటు తిరిగిన పొద్దు అక్కడి చక్కెర ఫ్యాక్టరీ కూత మా అరుగు దాకా వినబడేది. ఊళ్లో చుట్ట తాగని ముసలివాళ్లు లేరు. అందరివీ బొటనవేలంత లావు, పొట్టివి. అవ్వ చుట్ట ఒక్కటే చిటికెన వేలంత సన్నగా, జానెడు మీద నాలుగు వేళ్లు ఉండేది. "ఏందవ్వా, అది చుట్టనా, చీపురుపుల్లనా?" అని దారిన పోయేవాళ్లు ఎకసెక్కమాడితే, "ఆకలైనోనికి లావుది గావాలె. రుచి దెలిసినోళ్లకు గింత సాలు" అనేది.

ఆకు కోసం బోధన్ అంగడికి తానే పోయేది. మరాఠీ మాట్లాడే ఒక ముసలాయన దగ్గర కట్టలన్నీ విప్పించి, ఒక్కో ఆకును ముక్కు దగ్గర, తర్వాత చెవి దగ్గర పెట్టుకుని నలిపి, గలగలమంటే పక్కన పడేసేది. ముసురు పట్టిన పొద్దుట ఆకు మెత్తబడ్డాకే చుట్టడానికి కూర్చునేది. ఈనె తీసి, సన్నగా చీల్చి, పీట మీద అరచేత్తో దొర్లించి, పైఆకుకు అంబలి అద్ది అంటించేది. చుట్టిన పదిహేను రోజుల దాకా ముట్టేది కాదు. గొట్టంలో పెట్టి దూలానికి వేలాడదీసేది.

తాగడం పగటి అన్నం తిన్నాక, గిన్నెలు తోమి బోర్లించాక. నిప్పు తెచ్చే పని నాది. అగ్గిపుల్ల మందు కంపు చుట్టకు పడుతుందని పొయ్యిలో నిప్పుకను పటకారుతో తెప్పించుకునేది. దాన్ని చుట్టకు ఆనించకుండా, దగ్గరగా పట్టుకుని, చుట్టను మెల్లగా తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా ఆగేది. ఒక్క గుక్క గుంజి, పొగను నోట్లోనే ఉంచుకుని, ముక్కు మీద నుంచి పోనిచ్చి, మళ్లీ గుంజడానికి ఎంత సేపు ఆగేదంటే, ఆరిపోతుందేమోనని నాకే భయమయ్యేది. బూడిదను ఎన్నడూ దులిపేది కాదు. అది తనంతట తాను రాలేలోపు నేను పక్కన ఓనగుంటల్లో ఒక ఆట గెలవాలి, అదీ మా పందెం. చుట్ట మధ్యలో ఆరిపోతే మాత్రం నేను నిప్పు తేబోతే ఆపేది. "ఆరిందంటే సాలన్నట్టు బిడ్డా. మల్ల అంటిస్తే చేదు."

నాకు పదో ఏడు నడుస్తుండగా అవ్వకు దగ్గులో నెత్తురు పడింది. దవాఖానలో డాక్టరు చుట్ట మాన్పించమన్నాడు. బాపు ఆకు కట్టలన్నీ కాలువలో వేసి వచ్చాడు. గొట్టంలో ఒక్క చుట్ట మిగిలింది. దాన్ని కూడా తీయబోతే అవ్వ మంచంలోంచి చెయ్యి చాపింది. "గిదొక్కటి ఉండనియ్ కొడుకా. గిది తాగినంకనే పోత." బాపు గొట్టాన్ని మళ్లీ దూలానికి తగిలించాడు.

ఆ మాట నా చెవిన పడింది. తాగినంకనే పోతుందంటే, తాగకపోతే పోదు కదా. ఆ పగలు అందరూ చేనుకు పోయాక, అవ్వ కునుకు తీస్తుంటే నేను మంచం పట్టె మీద నిలబడి చుట్ట తీసి, వెనుక కొట్టం చూరు గడ్డిలో దోపాను. మా అవ్వను బతికించుకున్నానని ఆ పొద్దంతా నా కాళ్లు నేల మీద లేవు.

రెండు రోజులకు అవ్వ గొట్టం దింపమంది. ఖాళీగా ఉన్న గొట్టంలోకి చాలాసేపు చూసింది. "మీ బాపు పారేసిండా బిడ్డా?" అని అడిగింది. నేను తల ఊపాను.

అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులు బాపుతో మాట్లాడలేదు. ఆయన గంజి తాగిస్తే తాగింది, లేవదీస్తే లేచింది, ఒక్క మాట అనలేదు. ఐదో నాడు పొద్దు పొడవకముందే పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు; కాకి ముడితే కోరిక తీరినట్టు. అన్నం, కోడికూర, ముంతెడు కల్లు, దుకాణంలో కొన్న లావు చుట్ట పెట్టారు. కాకులు వేపకొమ్మ మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. బాపు మోకాళ్ల మీద కూలబడి, "అవ్వా, నేనేం తప్పు జేసిన? నాతోని ఎందుకు మాట్లాడకపోతివి?" అన్నాడు. నేను లంగా కొస నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఇంటికి ఉరికి తెస్తే ఎంతసేపు? నేను ఉరకలేదు. చివరికి పెద్దమనుషులు విస్తట్లో ఉత్త అన్నం వరకు తీసి ఆవుకు పెట్టించారు.

తర్వాత బాపు ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. తింటుండగా గోడ మీద కాకి వాలితే ముద్ద చేతిలోనే ఉండిపోయేది. అది ఎగిరిపోయేదాకా దాన్నే చూసేవాడు. ఒక బతుకమ్మ పండక్కి పోయినప్పుడు ఆ గొట్టం నా చేతిలో పెట్టి, "నువ్వే గద నిప్పు దెచ్చేటిదానివి, నీ దగ్గరుంచు" అన్నాడు. చూరులోంచి తీసిన చుట్ట అప్పటికే నా పెట్టె అడుగున, పాత రవిక గుడ్డలో ఉంది. అప్పుడైనా చెప్పాల్సింది. సకినాలు మూట కట్టుకుని బస్సెక్కాను, ఇంటికొచ్చి చుట్టను మళ్లీ గొట్టంలో పెట్టాను. బాపు పోయినప్పుడు విస్తరి పెట్టగానే కాకి వచ్చి ముట్టింది, మనిషికి ఏ కోరికా మిగల్లేదని అందరూ సంతోషపడ్డారు. నేనొక్కదాన్నే నమ్మలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ కూత లేదు. మా ఊళ్లో చెరుకు పోయి అంతా వరి అయింది. మా ఇంట్లో పొయ్యి లేదు, గ్యాసే. మొన్న పెత్రమాస నాడు సందు మొగదల ఇస్త్రీ బండి ఆయనను అడిగి రెండు నిప్పుకలు తెచ్చుకున్నాను. డాబా మీద ఇద్దరికీ విస్తరి వేశాను. చుట్ట నిండా పురుగు తొలిచిన బెజ్జాలు. నిప్పుకను ఆనించకుండా, మెల్లగా తిప్పుతూ, అంచంతా ఎర్రబడేదాకా ఆగి, పిట్టగోడ మీద పెట్టాను.

"బాపూ, అవ్వ చుట్ట నువ్వు పారేయలె. నేనే దాసిన. నువ్వు పారేసినవని అవ్వకు జెప్పింది గూడ నేనే."

పొగ సన్నగా లేచింది. కాకులు రాలేదు, మా వాడలో వాటిని చూసి ఎన్నాళ్లయిందో. పావురాలు వచ్చి మెతుకులు ఏరుకున్నాయి. చుట్ట సగం దాకా కాలి, బూడిద రాలకుండానే ఆరిపోయింది.

"అమ్మమ్మా, ఆరిపోయింది, లైటర్ తేవాల్నా?" అంది నా మనవరాలు.

వద్దన్నాను.