జడ్చర్ల లారీకి ఆముదం

1948 వేసవి. హైదరాబాదు సంస్థానంలోకి బయటి సరుకులు రావడం ఆగిపోయిన రోజులు. నేను అప్పుడు జడ్చర్లలో ఆముదాలు, పల్లికాయ కొనే ఒక సేటు దగ్గర లారీ మిస్త్రీగా ఉండేవాణ్ణి. చేసిన పనిని ఆ రోజే రాసిపెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. కనుక ఈ సంగతిని ఇప్పుడు ఇంకొక విధంగా చెప్పుకుంటున్నవారు నాతో వాదనకు దిగకపోవడం మంచిది.

పాత ఇంజనుకు ఏ ఆయిలు పోయాలని నన్ను నేటికీ అడుగుతుంటారు. చిక్కనిది పొయ్యమని ఒకరంటారు, ఖరీదైనది పొయ్యమని ఇంకొకరంటారు. ట్యాపెట్ ఎటువంటిదని మాత్రం ఎవరూ అడగరు. ఇంజను లోపల క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతుంటుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తులుంటాయి. అవి ట్యాపెట్లనే చిన్న ఇనుప ముక్కలను పైకి నెడతాయి, ట్యాపెట్లు వాల్వులను తెరుస్తాయి. పాత ఇంజన్లలో ఈ ట్యాపెట్ అడుగు సాపుగా ఉంటుంది. దీన్నే ఫ్లాట్ ట్యాపెట్ అంటారు. కింద చక్రం లేదు కనుక అది దొర్లదు, రాసుకుంటుంది. వాల్వులను మూసే స్ప్రింగుల బలమంతా వెంట్రుకంత గీత మీద పడుతుంది. అక్కడ ఆయిలు పొర తెగిందంటే ఇనుమును ఇనుమే తినేస్తుంది.

మా లారీది అటువంటి ఇంజనే. దాన్ని కొన్ననాటినుంచీ విప్పిందీ బిగించిందీ నేను. పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసుతో నడుపుతున్నాం. ఉప్పు, జొన్నలు కల్వకుర్తి వైపు చేరవేసేది ఆ ఒక్క బండే. ఈ కరువు గట్టెక్కితే రెండో లారీ కొంటాననీ, బండిని ఆగకుండా నడిపించినవాణ్ణే రెంటికీ పెద్ద మిస్త్రీని చేస్తాననీ సేటు అందరి ముందూ అన్నాడు. ఆ పని నాకే వస్తుందనడంలో నాకు అనుమానం ఉండేది కాదు, సేటు దగ్గర రెండో మిస్త్రీగా యాదగిరి రాకపోయి ఉంటే.

యాదగిరి యుద్ధకాలంలో బర్మా సరిహద్దున మిలటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. వయసులో నాకంటే చిన్న. ఖాకీ చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా లారీ కింద దూరి బయటికి వచ్చేవాడు. అది ఎట్లా సాధ్యమో నాకు నేటికీ అంతుపట్టలేదు. అతడు హోటల్లో అడుగుపెడితే నలుగురు లేచి బల్ల ఖాళీ చేసేవారు. అదే హోటల్లో నేను అప్పటికి ఎనిమిదేళ్ళుగా నిలబడి చాయ తాగుతున్నాను.

ఆఖరి ఆయిలు టిన్ను అయిపోయింది. వాడిన ఆయిలునే తేర్చి, వడగట్టి తిరిగి పోస్తూ వచ్చాను. బొగ్గు మసి దిగి అది కాటుకలా అయింది. ట్యాపెట్లు టకటక కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు యాదగిరి సేటు దగ్గరికి వెళ్ళాడు.

"సేట్, గోదాంల ఆముదాలు అమ్ముడువోక కుప్పలు వడ్డయి. ఆముదం తీసి ఇంజన్ల పోద్దాం. కొన్ని విమానాలకు గదే పోస్తరు."

సేటు నవ్వాడు. "ఇంజనుకు విరేచనాలైతే ఎవడు కడుగుతడురా?"

నేను నవ్వలేదు. "ఆముదం పొర గట్టిదే సేట్. కాదంటలేను. కని బండి నిలవడితే బంకయితది. వాల్వులు పట్టుకుంటయి."

"నడిచే బండికి బంకెక్కడిదన్నా?" అన్నాడు యాదగిరి. "నిలవెడితేనే గద."

అక్కడున్న హమాలీలు కూడా నవ్వారు. ఆముదమే పోయాలని సేటు తేల్చాడు.

కూలికి పిలిచిన ఆడవాళ్ళు ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనె తోడి ఇచ్చారు. యాదగిరి పాత ఆయిలు దించి దాన్ని అట్లాగే పోశాడు. బండి కల్వకుర్తి పోయి వచ్చేసరికి టకటక మునుపటికంటే పెరిగింది. ఆయిలు మట్టం చూసే కడ్డీ బయటికి తీస్తే దాని మీద మజ్జిగ లాంటి తెల్లని నురుగు. యాదగిరి కడ్డీని తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. మిలటరీలో ఆముదం డబ్బాల్లో వచ్చేది. పొయ్యి మీదినుంచి ఎట్లా దిగుతుందో అతడెన్నడూ చూడలేదు.

నేను ఆ ఆముదాన్ని కొంత గిన్నెలో పట్టుకుని ఇంటికి పోయాను. మాది నేతపని ఇల్లు. మా అవ్వ మగ్గం పక్కన కూర్చుని ఉంది. వత్తి ఒకటి అందులో ముంచి వెలిగించింది. వత్తి చిటపటలాడింది.

"నీళ్ళున్నయిరా. గీ ఆముదం నేను నెత్తికి గూడ వెట్టుకోను. మోటారుకెట్ల పోసినవు?"

"పోసింది నేను కాదవ్వా, యాదగిరి."

"ఆయిన బర్మా పోయొచ్చినోడు, పొయ్యికాడ కూసున్నోడా? పక్కన నువ్వుంటివి గద, జెప్పొద్దా?"

తప్పు చేసినవాడు అతడు, తిట్లు నాకు. అయినా మిగిలిన ఆముదాన్నంతా మళ్ళీ సన్నని సెగ మీద పెట్టాను. వత్తి చిటపట ఆగి నిలకడగా వెలిగేదాకా దించలేదు. మా మగ్గం మీద నేసిన సన్నని గుడ్డతో రెండుసార్లు వడగట్టాను. ఇంజనులోది పూర్తిగా దించి ఇది పోసిన తర్వాత ఇంజను చప్పుడు మారింది. గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించినట్లయింది.

వానాకాలమంతా లారీ నడిచింది. కమ్యూనిస్టు సంఘంవాళ్ళ భయం ఒకవైపు, రజాకార్ల భయం ఒకవైపు, మధ్యలో మా బండి ఉప్పు మోస్తూ పోయేది. ఊరు దాన్ని 'యాదగిరి ఆముదం బండి' అనేది. ప్రతి ట్రిప్పుకూ ఆముదం కాచి వడగట్టింది నేను. పేరు అతనిది. చివరికి మా అవ్వ కూడా అడిగింది, "గా పిలగాన్ని బువ్వకు తోలుకరాకపోతివి?" అని. తీసుకువచ్చాను. కూర ముందు అతనికే వడ్డించింది.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. బండి కనపడితే ఎవరు పట్టుకుపోతారో తెలియదని సేటు దాన్ని గోదాం వెనుక గడ్డి కప్పి దాచాడు. ఆయిలు వేడి మీదే దించేద్దామన్నాను. "రేపో మాపో తియ్యవలసొస్తదేమో, ఉండనీ," అన్నాడు సేటు. యాదగిరి అవునన్నాడు. బండి వారాల తరబడి కదలలేదు.

రోడ్లు తెరుచుకున్నాక హ్యాండిలు తిప్పితే ఇంజను ఊపిరి తీయలేదు. తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్లే ఉన్నాయి. నేను చెప్పిన బంక అదే. అప్పటికి కొత్త ఆయిలు టిన్నులు కూడా వచ్చాయి.

"పైనించి గిది పోస్తే అదే కరుగుతది గద," అన్నాడు సేటు.

"కరగదు సేట్. ఇది భూమిల నూనె, అది చెట్టు నూనె. రెండు కలువవు, ముద్దయితయి. మొత్తం విప్పాలె."

యాదగిరి స్పానర్లు అందుకున్నాడు. బండిని నెట్టుకొచ్చి పట్టపగలు, అంగడి నడుమ విప్పాం. జనం మూగారు. నాకు సంతోషంగానే ఉంది. నా మాట నిజమని ప్రతి వాల్వూ సాక్ష్యం చెబుతున్నది. లక్కపూసినట్లు గోధుమరంగు బంక. గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, నానబెట్టి ఒక్కొక్క ట్యాపెట్‌నూ ఊడదీశాను. తుడిచి తిరగేశాను.

అడుగు అద్దంలా ఉంది. వాడిన ఆయిలుతో నడిపిన రోజుల్లో పడిన సన్నని గీతలు కూడా నునుపు తేలాయి. క్యామ్ ఉబ్బెత్తులు చెక్కుచెదరలేదు. ఒక్క గీతైనా దొరుకుతుందేమోనని అన్నిటినీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాను.

"అరిగినయా లక్ష్మయ్యా?" అన్నాడు సేటు.

"లేదు సేట్."

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ లేదు."

సేటు యాదగిరి భుజం తట్టాడు. అప్పుడు యాదగిరి చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"ఆముదమన్నది నేనే సేట్. కని నీళ్ళు తీసి పనికొచ్చేటట్టు చేసింది అన్న. నిలవెడితే బంకయితదన్నది గూడ అన్ననే, నేనే ఇనలే. పెద్ద మిస్త్రీగ అన్ననే వెట్టుకోండ్రి."

నాకు రావలసిన ప్రతి మాటా అందులో ఉంది. ఒక్కటి తక్కువ లేదు. సేటు అతనివైపు తిరిగాడు.

"గుణమంటే గిది," అన్నాడు. "తన పేరు తీసి పక్కోనికిస్తుండు. గిసొంటోనికే బండ్లు అప్పజెప్పాలె."

పెద్ద మిస్త్రీ పని యాదగిరికే ఇచ్చాడు.

ఈ సంగతి నేర్పింది రాస్తున్నాను. ఫ్లాట్ ట్యాపెట్ ఇంజనుకు ఆయిలు ఎంచేటప్పుడు చిక్కదనం, ధర కాదు, ముందు ఆ సన్నని గీత దగ్గర పొర నిలుస్తుందా అని అడగాలి. కొత్త ఇంజన్ల కోసం చేసే ఆయిళ్ళలో ఆ రాపిడిని కాచే జింకు మోతాదు తగ్గించారంటున్నారు. పాత బండి ఉన్నవారు ఆ సంగతి అడిగి కొనాలి. బండి నిలిచే రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపల ఏమున్నదో తెలియకుండా పైన ఇంకొకటి పోయకూడదు.

మిగిలిన పాఠం ఆయిలుకు సంబంధించినది కాదు. యాదగిరి నా గురించి చెప్పినవన్నీ నిజాలే. అతని నోట వచ్చాయి కనుక అతని మంచితనమయ్యాయి. నా నోట వస్తే కుళ్ళు అనేవారు. అది తెలిసినా, ఆ తర్వాత ఏ ఇంజను విప్పినా నా పని ఏదో, నా మాట ఏదో ఇంకొకరు దయతలచి చెప్పేదాకా ఆగకుండా ముందుగా నేనే చెబుతూ వచ్చాను. కుళ్ళు అన్నారు. ఆ మాట నాకు బరువనిపించలేదు. అతని దయ మాత్రం ఇప్పటికీ బరువుగానే ఉంది.