ఇంటికొచ్చినంక చెప్పు

బార్డోలీ దగ్గర చాయ్‌కి బస్సు ఆగినప్పుడు తెలిసింది, మా యారాలు పోయిందని. యారాలంటే తోటికోడలు, మా బావగారి భార్య. మేముండే సూరత్ ఇంకో గంట ప్రయాణం. ఫోన్‌లో మా అబ్బాయి, "అమ్మా, పెద్దమ్మ లేదే. మీరు గయల ఉన్నప్పుడే పోయింది. ఇగ ఇంటి దగ్గరికి వచ్చినవని చెప్తున్న" అన్నాడు.

దహనం, మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టడం అన్నీ అయిపోయాయట. కాశీ, గయ, అయోధ్య తిరిగి మా తెలుగువాళ్ల బస్సులో వస్తున్న నాకు తప్ప గల్లీలో అందరికీ తెలుసు. మాలో అదో కట్టుబాటు. తీర్థం పోయినవాళ్లకు ఇంటి చావు కబురు చెప్పరు. వింటే మైల, గుడి మెట్లెక్కకూడదు. వినకపోతే అంటదు.

"మరి నన్నొక్క మాట అడగద్దారా?" అని అరిచాను.

"పెద్దమ్మనే మనా చేసింది. దవాఖానల పండుకొని చెప్పింది, దానికి ఎరుక చెయ్యకుండ్రి, తిరగనీండ్రి అని."

పోయిన మనిషి మీద కోపం ఏమిటి అనుకున్నాను గానీ, వచ్చింది. తెలిస్తే దొరికిన రైలెక్కి వచ్చేదాన్ని. దేవుళ్లు ఎక్కడికీ పోరు కదా.

నాకు అనుమానం రాలేదు. యారాలిని నేను అక్క అనే పిలిచేదాన్ని. ఎవరైనా ప్రయాణంలో ఉంటే ఆమె వాళ్లతో ఫోన్ మాట్లాడేదే కాదు. "తొవ్వ ముచ్చట ఫోన్ల చెప్తే సగమైతది. ఇంటికొచ్చినంక చెప్పు" అనేది. సంచులు దించకముందే పిలిచి కూర్చోబెట్టుకునేది. చీరలకు రాళ్లు అంటించే పని ఆమెది. చేతులు ఆగేవి కావు, ప్రశ్నలూ ఆగేవి కావు.

"గుడి సంగతి సరే. గుడి బయట కూసున్న ముసలమ్మ ఏం చీర కట్టింది? అంచెట్లున్నది?"

నేను తొందరగా తేల్చేద్దామని చూస్తే, "జర ఆగు. బస్సెక్కినవ్. పక్కపొంటి ఎవలు కూసున్నరు?" అని మళ్లీ మొదటికి తెచ్చేది. విన్నదంతా మర్నాడు గల్లీ ఆడవాళ్లకు తానే చూసొచ్చినట్టు చెప్పేది. నేను చూసినదానికంటే ఆమె చెప్పిందే బాగుండేది. నేనూ పక్కన కూర్చుని నోరు తెరుచుకుని వినేదాన్ని.

ఆమె మాత్రం సూరత్, సిరిసిల్ల పక్కన మా ఊరు తప్ప ఏమీ చూడలేదు. ముందు పిల్లల బళ్లు, బావ మగ్గాల డ్యూటీలు, ఆ తర్వాత మోకాళ్లు. ఈసారి రమ్మని ఎంత బతిమాలినా వినలేదు. "నా కాళ్లతోని మీకందరికీ తక్లీఫ్. నువ్వు చూసిరా పో. నేను నీ నోట వింట" అంది.

అందుకే దారి పొడవునా ఆమె కోసం దాచుకుంటూ వచ్చాను. అయోధ్యలో పడవవాడు పెళ్లాంతో ఫోన్‌లో కొట్లాడుతూ మమ్మల్ని నది మధ్యకు తీసుకుపోయి, ఎటు తిప్పాలో మరిచిపోయాడు. అక్క ఎక్కడ నవ్వుతుందో కూడా అనుకుని పెట్టుకున్నాను. అప్పటికే ఆమె లేదు. గయ దాటాక చూసినవన్నీ లేని మనిషి కోసం దాచానన్నమాట.

హోటల్ వెనక నల్లా దగ్గర ఆడవాళ్లు చీర అడ్డం పట్టి, కట్టుబట్టలతోనే నా తల మీద నీళ్లు పోశారు. చావు కబురు విన్నాక చేసే స్నానం. చక్కెర ఫ్యాక్టరీ వాసన ముంచెత్తుతోంది. అక్కడే తనివితీరా ఏడ్చాను.

బస్సు కదిలింది. అందరూ సంచులు సర్దుకుంటూ, ఇంటికి ఫోన్లు చేసుకుంటూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం ఆ దారి అట్లాగే సాగిపోతే బాగుండనిపించింది.

యాత్ర మొదలైనప్పటి నుంచి నా పక్క సీట్లోనే ఉన్న అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మీ అక్కకు ఏం చెప్దామనుకున్నవో నాకు చెప్పు బిడ్డా."

"నువ్వు గూడ నాతోనే ఉంటివి గదా అవ్వా?"

"ఉంటే ఉన్న. చెప్పు."

బస్సెక్కిన పొద్దు నుంచి మొదలుపెట్టాను. అవ్వ 'నాకు తెలుసు' అనలేదు, తొందరపెట్టలేదు. మొదటి మజిలీలో తాను పెట్టిన పులిహోర సంగతి తనకే చెబితే, "ఔనా, మంచిగుండెనా?" అని అడిగింది.

చెరుకు తోటలు అయిపోయాయి. సూరత్‌లో మేం దిగాల్సిన పర్వత్ పాటియా వచ్చింది. కింద మావాళ్లు నిలబడి ఉన్నారు, పైనుంచి సామాన్లు దించుతున్నారు. నేను చెబుతున్న ముచ్చటలో మేమింకా కాశీ చేరనే లేదు. అవ్వ సీట్లోంచి లేవలేదు.