చెప్పులు చేతిలో పట్టుకున్న మనిషి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కూడా. మా బజారులో తిరిగే దయ్యాల్లో సగం నేను తయారుచేసినవే. వరంగల్‌లో అన్నకూ నాకూ కలిపి ఒక స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గిరాకీ లేనప్పుడు కథలల్లడమే నా పని. అందుకే ఇది నిజమంటే మా వీధిలో ఎవరూ వినరు. మీరైనా వింటారని రాస్తున్నాను.

అన్నకు పార్కిన్సన్స్ వచ్చి కొన్నేళ్లయింది. చేయి వణికేది, నడక నెమ్మదించింది, కానీ బుర్ర మాత్రం చురుకే. గిన్నె చేతిలోకి తీసుకుంటే చాలు, బరువు చెప్పేసేవాడు. కిందటి ఎండాకాలం అదీ తప్పడం మొదలైంది. దుకాణంలో తన గద్దె మీద కూర్చున్నంతసేపు బాగానే మాట్లాడేవాడు. గిరాకీ వచ్చిందని లేచాడంటే మాట మధ్యలో తెగిపోయేది. బిందె పట్టుకుని, అదేమిటో తెలియనట్టు చూసేవాడు. మళ్లీ కూర్చుని కాసేపయితే మామూలే.

కళ్లు తిరుగుతున్నాయని కూడా అన్నాడు. మా ఇళ్లలో కళ్లు తిరిగితే బీపీ, బీపీ అంటే ఎక్కువ ఉన్నట్టే. వదినె ఆ పూటే పప్పులో ఉప్పు మానేసి, పచ్చడి జాడీలు అటక మీద పెట్టించింది.

"గిది పప్పునా, గడ్డినా?" అన్నాడు అన్న.

"మాట్లాడకుంట తినుండ్రి. బీపీ మనిషి మీరు."

అన్న ఇంకా తడబడసాగాడు. ఇక దుకాణం మాన్పించి ఇంట్లోనే ఉంచాలంది వదినె. అది విన్న అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు మతి పోతాంది తమ్మీ. దుకాణం గూడ లేకపోతే నేనెందుకురా ఇగ?"



ఆ వారంలోనే సరుకు పని మీద వర్ధన్నపేట వెళ్లాను. తిరుగు బస్సు ఆలస్యమైంది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ల కోసం అప్పటికప్పుడు ఒక మనిషిని కల్పించాను. మండుటెండలో ఎర్ర గొడుగు వేసుకుని దుకాణాల ముందు నిలబడతాడు, రమ్మంటే లోపలికి రాడు. చెప్పులు కాళ్లకుండవు, చేతిలో ఉంటాయి, వాటి నుంచి నీళ్లు కారుతుంటాయి అని కూడా చెబుదామనుకున్నాను. అంతలో బస్సొచ్చింది. ఆ ముక్క నోట్లోనే ఉండిపోయింది.

దుకాణం చేరేసరికి అన్న భోజనం ముగించాడు. లేచి నిలబడి, గుమ్మం వైపు చూశాడు.

"ఆయనను లోపటికి రమ్మనురా. గొడుగు గాడ పెట్టుమను. చెప్పులు చేతుల పట్టుకున్నడేంది? నీళ్లు కారవట్టె!"

గుమ్మంలో ఎవరూ లేరు. అన్న తూలిపోతుంటే పట్టుకుని చాప మీద పడుకోబెట్టాను. తేరుకున్నాక "ఏమైందిరా?" అన్నాడు. గొడుగు సంగతి అతనికి గుర్తే లేదు.

నేను కల్పించిన మనిషే అన్నకు కనబడ్డాడని వదినెకు చెప్పాను. "నీ కథలు ఆయనకు గూడ అంటిస్తానవా?" అంది.

మర్నాడు ముగ్గురం హనుమకొండలో నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె తిండి సంగతులు అడిగి, అన్నను పడుకోబెట్టి బీపీ చూసింది. నిలబెట్టి, కాసేపాగి మళ్లీ చూసింది. అంకె బాగా దిగిపోయింది. అలా నిలబడి ఉండగానే ఒక చిన్న లెక్క అడిగితే అన్న తెల్లమొహం వేశాడు. పడుకోబెట్టి కొంతసేపయ్యాక అదే అడిగితే టక్కున చెప్పాడు.

"ఈయనకు బీపీ ఎక్కువ కాదమ్మా, నిలబడితే పడిపోతాంది. పార్కిన్సన్స్ ఉన్నోళ్లకు చాలామందికి ఇట్లైతది. లేచినప్పుడు, కడుపునిండ తిన్నప్పుడు మెదడుకు రక్తం సరిగ్గ అందక ఆలోచన మందగిస్తది. ఉప్పు ఎవరు బంద్ చేసిండ్రు?"

వదినె నా వైపు చూసింది, నేనే చేసినట్టు!

డాక్టరమ్మ మందులు మార్చింది. ఉప్పు, నీళ్లు ఎంత తీసుకోవాలో చెప్పింది. మంచం మీద కాసేపు కూర్చుని, నెమ్మదిగా లేవమంది. ఈ జబ్బులో లేని మనుషులు కనబడటం కూడా ఉంటుందట. నేను అనుకున్న మనిషే ఎట్లా కనబడ్డాడని అడిగాను.

"ఎప్పుడో ఇంట్ల చెప్పి ఉంటరు," అంది.

చెప్పలేదు. చెప్పుల సంగతైతే ఎవరికీ చెప్పలేదు.

పచ్చడి జాడీలు అటక దిగాయి. జబ్బు జబ్బులాగే ఉంది కానీ, అన్న మళ్లీ గద్దె ఎక్కాడు. ఒక పొద్దున నిలబడి ఉండగానే స్టీలు చెంబు అందుకుని బరువు చెప్పాడు. తూచాను. సరిపోయింది. వదినె కళ్లొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. వెంటనే డాక్టరమ్మ కొనమన్న బీపీ మిషన్ పెట్టి చూశాను. అంకె బాగుంది.

పట్టీ విప్పుతుంటే అన్న మామూలు గొంతుతో అన్నాడు:

"గా చెప్పుల మనిషి ఇప్పుడు నా దిక్కు వస్తలేడు తమ్మీ. నీకు కనబడ్తాండా?"

ఆ రోజు గుర్తే లేదన్నవాడికి ఆ మనిషి ఇప్పుడెలా గుర్తొచ్చాడో తెలియదు. ఈ మాటకు ఏ మిషన్లోనూ అంకె లేదు. కనబడటం లేదన్నాను. కానీ ఆ మాట అనే ముందు గుమ్మం వైపు ఒకసారి చూశాను.