బొగ్గు అని పిలిచిన అన్న

మా అన్న పోయిన వార్త నాకు ఒక నవ్వుల వీడియోతో పాటు వచ్చింది. మొన్న మంగళవారం పొద్దున ఎవరో పంపారు. కింద "హాస్యం మూగబోయింది" అని రాసి, పైన మా పాత స్కిట్ ముక్క పెట్టారు. అందులో కరెంటు పోతుంది. అన్న చీకట్లో తడుముకుంటూ, "మా బొగ్గు ఏడ పోయిందిరా, జర వెతుకున్రి" అంటాడు. జనం విరగబడి నవ్వుతారు. ఆ బొగ్గు నేనే.

సొంత అన్న కాదు, నన్ను చెల్లె అనేవాడు. నాంపల్లి చుట్టుపక్కల సభల్లో, పెళ్ళిళ్ళలో ఇరవై ఏళ్ళు ఆయన పక్కన వేషం వేశాను. మైకు ముందు నిలబడటం నేర్పింది ఆయనే. నా అసలు పేరు జనంలో ఎవరికీ తెలియకుండా చేసింది కూడా ఆయనే.

మూడేళ్ళ కిందట ఆబిడ్స్‌లో ఒక ప్రదర్శన అయ్యాక, ఒకావిడ నా దగ్గరికి తన కూతురిని వెంటబెట్టుకొచ్చింది. పదేళ్ళుంటాయి. "బడిల అందరు దీన్ని మీ పేరుతోనే పిలుస్తున్నరు" అని మురిపెంగా చెప్పింది. ఆ పిల్ల తలెత్తలేదు. ఆ రోజు తర్వాత అన్న మళ్ళీ వేదిక ఎక్కలేదు.

రంగు మీద, కులం మీద డాక్యుమెంటరీ సిరీస్ తీస్తానన్నాడు. తన ఫోన్ నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. మొజంజాహీ మార్కెట్లో పండ్ల దుకాణాల ముందు చేతులు కట్టుకుని, "జర ఒక మాట అడగొచ్చా?" అనేవాడు. ఎవరినైనా రంగు చూసి నవ్వారా అని అడిగాక, జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. "జవాబు జల్ది వస్తే అది జోకు. లేటుగ వస్తే నిజం. ఫోన్ దించకు" అని నాకు చెప్పేవాడు.

హిమాయత్‌నగర్‌లో టు-లెట్ బోర్డు చూసి, ఇల్లు అద్దెకు అడుగుదామని లోపలికి వెళ్ళాం. ఓనరు ఆయన్ని గుర్తుపట్టి టీ ఇప్పించాడు. ఆ తర్వాత, "ఇంతకీ మీరేమిట్లు?" అని కులం అడిగాడు. అన్న దాచలేదు. "మా అమ్మాయివాళ్ళు వస్తామంటున్నారండీ" అన్నాడు ఓనరు. మెట్లు దిగుతూ అన్న, "చాయ్ మాత్రం మంచిగుండె" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ సిరీస్ పెద్దగా ఎవరూ చూడలేదు. చూసిన కొద్దిమందీ "అన్నా, పాత కామెడీ చెయ్యి" అని కింద రాశారు.

చివరి భాగానికి నన్నే కూర్చోబెట్టాడు.

"ఇన్నేండ్లు నిన్ను బొగ్గు అని పిలిచిన. నీకేమనిపించేది?"

"అలవాటైంది అన్నా" అన్నాను వెంటనే.

ఫోన్ ఆపేశాడు. "మళ్ళొకసారి అడుగుత."

అడిగాడు. పోయిన నెల, దవాఖానలో, మంచం మీద పడుకుని. "ఇప్పుడన్న చెప్పు చెల్లె."

ప్రతి ప్రదర్శన ముందు అద్దంలో మొహం చూసుకోలేకపోయేదాన్నని, ఆయన మంచివాడు కాబట్టే ఎక్కువ బాధ కలిగేదని చెప్పాలనుకున్నాను. "ముందు నీకు మంచిగ కానీ" అన్నాను. ఆయన నా మొహమే చూస్తూ ఉండిపోయాడు. నేను దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. నాలుగు వారాలైనా నేను చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

శ్మశానంలో ఒక యూట్యూబ్ ఛానలతను మైకు పట్టుకొచ్చాడు. "బొగ్గక్కా, అన్న గురించి ఒక్క మాట."

"సొంత చెల్లె లెక్క చూసుకున్నడు" అన్నాను వెంటనే.

అతను తలూపి వెళ్ళిపోయాడు. కాటికాపరి పొడుగాటి కర్రతో కట్టెలు ఎగదోస్తున్నాడు. వచ్చినవాళ్ళు గేటు దాకా తలలు దించుకుని నడిచి, గేటు దాటగానే మామూలుగా మాట్లాడుకోసాగారు.