మిట్టమధ్యాహ్నం మా వసారాలో కూర్చున్న సంఘం ఆడవాళ్లు

నా చిన్నప్పుడు... మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ వసారాలో పీట వేసేది. తనకీ నాకూ గిన్నెల్లో చోడి అంబలి, అదే రాగి జావ. పీట ముందు మాత్రం కంచంలో అన్నం... అది నాన్నకి.

నాన్న పోయి అప్పటికి నెల దాటింది.

ఆయన సాలూరు లారీల మీద డ్రైవరు. ఘాట్ రోడ్డు మలుపులో బండి లోయలో పడింది. శవాన్ని ఇంటికి తెచ్చాక మా ఇద్దరికీ ముఖం చూపించలేదు. అందుకేనేమో... ఆయన ఇంకా ఎక్కడో బండి నడుపుతున్నట్టే ఉండేది నాకు. అమ్మకీ అంతే.

"కూర సాల్దా? ఇంకాస్త ఎయ్యనా?" అని పీట వైపు చూసి అడిగేది. కాసేపు ఆగేది... తలూపేది. ఆ ఆగినంతసేపూ ఎవరో జవాబు చెబుతున్నట్టే ఉండేది. నేను తలెత్తకుండా అంబలి తాగేసేదాన్ని.

సంగతి ఊళ్లో పాకింది. మా గుమ్మం ముందు నుంచి వెళ్లేటప్పుడు జనం పిల్లల్ని అవతలి పక్కకి లాక్కునేవాళ్లు. అమ్మ కూలికి వెళ్లడం మానేసింది. బియ్యం అయిపోయాయి. తర్వాత ఖాళీ కంచమే పెట్టేది... మాటలు మాత్రం ఆగలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం పైడమ్మ పెద్దమ్మ బియ్యం సంచితో లోపలికి వచ్చింది. మా ఊరి మహిళా సంఘానికి ఆవిడే లీడరు. సంఘంలో ప్రతి ఇంటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేవాళ్లు. కష్టంలో ఉన్న ఇంటికి ఆ బియ్యం చేరేవి.

పెద్దమ్మ కంచం చూసింది. పీట చూసింది. పారిపోతుందనుకున్నాను. ఆవిడ సంచి దించి, పీట పక్కనే చతికిలబడింది.

"ఏటంటన్నాడే మీ ఆయన?"

అమ్మ అన్నాళ్లకి ఒక మనిషి ముఖంలోకి చూసింది. "ఆకలంటన్నాడక్కా..."

"అయితే వండుదాం. ముందు నువ్వూ, నీ గుంటా తినండి."

ఆ మర్నాటి నుంచి సంఘం ఆడవాళ్లు వంతులేసుకున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరో ఒకరు వచ్చి మాతో కూర్చుని తినేవాళ్లు. వాళ్లలో ఎర్రయ్యమ్మత్తకి మా ఇల్లంటే వణుకు. గడప దాటేది కాదు... దేవుడి పేరు గొణుక్కుంటూ గడప మీదే కూర్చుని తినేది. అయినా తన వంతు మానలేదు.

ఒకరోజు రావాల్సినావిడ ఆలస్యం చేసింది. అమ్మ చటుక్కున లేచింది.

"మీ నాన్న బండి ఆపాడే... మలుపు కాడ. రాయే గుంటా, ఎల్లిపోదాం."

నా చెయ్యి పట్టుకుంది. అంత ఎండలోనూ ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఊరి బయట రాజాం వెళ్లే రోడ్డు మీద మనిషి లేడు, పిట్ట లేదు. అమ్మ రోడ్డు నడిమధ్యన నిలబడి మలుపు వైపే చూస్తోంది. అప్పుడు వినిపించింది... హారన్. ఊరు దగ్గరపడితే నాన్న కొట్టినట్టే, సాగదీసి. రోడ్డు మాత్రం ఖాళీగా ఉంది.

వెనక నుంచి పైడమ్మ పెద్దమ్మ రొప్పుతూ వచ్చింది. ఇంట్లో మేము లేకపోవడం చూసి పరిగెత్తుకొచ్చిందట. తిట్టలేదు, అరవలేదు. ఇద్దర్నీ రోడ్డు పక్కకి లాగింది.

"ఆడొస్తే ఇక్కడైనా ఆపుతాడు. ఉండు, నానూ సూస్తాను."

మళ్లీ అదే హారన్. నా భుజం మీద పెద్దమ్మ వేళ్లు బిగుసుకున్నాయి.

కాసేపటికి మలుపులోంచి ఒక లారీ దూసుకొచ్చింది. మేము అంతకుముందు నిలబడ్డ చోటు మీదుగా వెళ్లిపోయింది. అది హారన్ కొట్టనే లేదు. స్టీరింగు ముందు ఎవరో తెలియని మనిషి...

"ఈడు కాదక్కా," అంది అమ్మ.

"కాదమ్మా. ఆడింక రాడు."

అమ్మ ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది. నాన్న పోయాక అదే మొదటిసారి ఏడవడం.

వానలు పడేదాకా వంతులు సాగాయి. తర్వాత వాళ్లే అమ్మని నాట్లకి తీసుకెళ్లారు. కొన్నాళ్లకి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని ఇప్పించారు. అమ్మ కూడా సంఘంలో చేరింది.

పెళ్లయ్యాక ఒకసారి పైడమ్మ పెద్దమ్మని అడిగాను... ఆ రోజు నీకూ వినిపించిందా అని.

"ఇన్నానే. అందుకే గదా మిమ్మల్నొగ్గకుండా పట్టుకున్నాను," అంది.

ఇప్పుడూ ఊళ్లో సంఘం ఉంది. ఫోన్‌లో గ్రూపు కూడా ఉంది. ఎవరింట్లో ఏం జరిగినా క్షణాల్లో దండం బొమ్మలు వరస కడతాయి. సాయమూ అందుతోంది, కాదనను. కానీ మొన్న మా వీధిలో ఒకావిడకి కష్టమొస్తే, పగలంతా ఆ ఇంటి తలుపు మూసే ఉంది... నేను కూడా గ్రూపులోనే పలకరించాను. రేపు మధ్యాహ్నం వెళ్లి ఆ తలుపు తట్టాలి.

మీ ఇంట్లో అలాంటి రోజులొచ్చినప్పుడు ఎవరొచ్చి మీ పక్కన కూర్చున్నారు? వాళ్లని ఒక్కసారి తలుచుకుని ఇక్కడ రాయండి... చదవాలనుంది.